ఒక మెట్టు చిక్కటి ఆయిలు

ఆ వీధిలో అందరూ పెద్దాయన అని పిలిచే వ్యాను డ్రైవరు సాధించినవన్నీ చెప్పాలంటే ఒక పూట చాలదు. కొన్నయినా చెప్పుకోవాలి. అవన్నీ జరిగినవే, కళ్లారా చూసినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. వంతెన మీద నుంచి నీళ్లు పొర్లి పారుతున్న రోజున, తను ముందు దిగి కర్రతో రోడ్డు తడిమి చూసుకుని, డాక్టరమ్మను అవతలి ఒడ్డుకు చేర్చింది ఆయనే. బ్రేకులు పోయిన సిమెంటు లారీని దిగుడులో గేర్ల మీదే నిలబెట్టి, కింద రోడ్డు దాటుతున్న జనం ఒంటి మీద ఈగ వాలకుండా చూసింది ఆయనే. ఆయన వ్యాను వెనక సీట్లో పుట్టిన ఒక పిల్లవాడు ఇప్పుడు మీసం మెలేసి బస్సు నడుపుతున్నాడు, ఎదురుపడితే హారను కొట్టి మరీ పలకరిస్తాడు.

చదువు మాత్రం సొంత ఊళ్లో, రేకుల షెడ్డు బడిలో, ఐదో తరగతి. ఆ బడికి ఉన్నది ఒకే ఒక మాస్టారు. కంటికి కనిపించిన ప్రతి అక్షరం పిల్లల చేత గట్టిగా చదివించేవాడు. బస్తా మీద రాత, అగ్గిపెట్టె మీద రాత, దేన్నీ వదిలేవాడు కాదు. ఆ అలవాటు పెద్దాయనకు నెత్తురులో ఇంకిపోయింది. డబ్బా మీద రాసింది మొదటి నుంచి చివరిదాకా చదవకుండా బండిలో చుక్క పోయడు. "ఆ మాస్టారి చెయ్యి పడకపోతే నేను లారీలు తుడుచుకుంటూనే ఉండేవాణ్ణి" అని ఎవరు అడిగినా అడగకపోయినా చెబుతాడు.

ఆయన్ను ఆ బడికి చంకనేసుకుని తీసుకెళ్లింది అక్క. అమ్మ పొలం పనికి పోతే అన్నం తినిపించిందీ, పలక బలపం చేతికిచ్చిందీ, దెబ్బలాటల్లో తమ్ముడి తరఫున రాళ్లు విసిరిందీ ఆవిడే. అంచేత అక్కకు మూత్రపిండాలు చెడిపోయాయని, వారానికి రెండుసార్లు పట్టణానికి అవతలి చివరన ఉన్న ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేయించుకోవాలని తెలిసిన రోజున పెద్దాయన రెండో మాట మాట్లాడలేదు. అద్దె బేరాలు తగ్గించుకున్నాడు. ఆసుపత్రి రోజుల్లో వ్యాను అక్కది. అక్క ఒక్కతీ కూర్చుంటే మిగతా సీట్లు ఖాళీగా పోవడం ఆయనకు నచ్చలేదు. అదే జబ్బుతో అటే వెళ్లే ఇద్దరిని, పింఛను తీసుకుంటున్న పోస్టుమాన్‌నూ వీధి చివర దర్జీ ఆవిడనూ కూడా ఎక్కించుకున్నాడు. బస్సులో అయితే రెండుచోట్ల మారాలి. వెళ్లేటప్పుడు ఎలాగో వెళ్లినా, వచ్చేటప్పుడు అక్కకు నిలబడే ఓపిక ఉండదు. వ్యాను లేకపోతే ఆ ప్రయాణమే లేదు.

ఆ వ్యాను ఆయన చేతికి కొత్తగా వచ్చింది, ఇన్నేళ్లలో మరొకరి చేతికి వెళ్లలేదు. ఆయిలు ఆయనే మార్చేవాడు, మొదటి రోజు నుంచి ఒకటే రకం, పల్చటి ముప్పై నంబరు. "పుట్టినప్పుడు ఏది తాగిందో ఇప్పటికీ అదే తాగుతోంది. అందుకే ఇంత నిశ్శబ్దంగా ఉంది" అని రొమ్ము విరుచుకునేవాడు. ఇదే తన ఆఖరి బండి అని కూడా ఆయన ఇంట్లో చెప్పేశాడు. ఈ వయసులో మరో బండి కొనేదీ లేదు, నేర్చుకునేదీ లేదు. దీని ఇంజను ఆగిన రోజే తన డ్రైవరు పని ఆగినట్టు.

చలి మొదలవుతున్న రోజుల్లో, ఆసుపత్రి నుంచి తిరిగి వస్తూ సిగ్నలు దగ్గర ఆగినప్పుడు, ఇంజను వేడి మీద ఉండగా, స్టీరింగు వెనక చిన్న ఎర్రదీపం మినుకుమంది. ఆక్సిలరేటరు మీద కాలు కొంచెం ఆనించగానే ఆరిపోయింది. కాలు తీస్తే మళ్లీ మినుకుమంది.

ముందు సీట్లో కళ్లు మూసుకుని ఉన్న అక్క ఒక కన్ను తెరిచి చూసి అడిగింది. "ఒరేయ్ తమ్ముడూ, ఆ ఎర్రదీపం ఏమిట్రా?"

"ఏం లేదక్కా. అలంకారం."

"ఇన్నాళ్లూ లేని అలంకారం ఇప్పుడెందుకు చేసుకుంటోంది? నీ బండికి ఏమైనా సంబంధాలు చూస్తున్నావా?"

వెనక సీట్లో పోస్టుమాన్ కిసుక్కున నవ్వాడు. పచ్చ సిగ్నలు పడగానే పెద్దాయన గేరు వేశాడు. అది ఆయిలు దీపమని, ఇంజనులో ఆయిలుకు సరిపడా ఒత్తిడి లేకపోతేనే వెలుగుతుందని ఆయనకు తెలుసు. తెలిసి తెలిసి అక్కకు అబద్ధం చెప్పాల్సి వచ్చినందుకు దారంతా లోపల లోపల పీకుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే మరదలి షెడ్డుకు వెళ్లాడు. మరదలంటే భార్యకు సొంత చెల్లెలు. తండ్రి నడిపిన మెకానిక్కు షెడ్డును ఆయన తర్వాత తనే పట్టి నిలబెట్టింది. చీకటి గుయ్యారంలాంటి ఆ షెడ్డులో ఏ స్పానరు ఏ మేకుకు వేలాడుతుందో కళ్లకు గంతలు కట్టినా చెప్పగలదు. నోరు మాత్రం తండ్రిది కాదు, ఆయన మితభాషి.

"ఏంటి బావా, దారి తప్పి వచ్చారా? మా షెడ్డుకు వస్తే మీ బండికి మైల పడుతుందనుకున్నానే" అంది ఇంజను కింద నుంచే.

"మీ అక్క నిన్ను చూసి రమ్మంది."

"మా అక్క ఇప్పుడే ఫోను చేసింది. దీపం వెలుగుతోందని మీ అక్కయ్య తనతో అన్నదట. మీరు చెప్పరని కూడా చెప్పింది."

ఆమె బయటికొచ్చి చేతులు తుడుచుకుని, ఆయిలు పుల్ల లాగి చూసింది. కిందటి నెలలో నింపిన ఆయిలు సగానికి దిగి ఉంటే ముందు పూర్తిగా నింపింది. ఒత్తిడి చూసే మీటరు ఒకటి గొట్టంతో ఇంజనుకు బిగించి, దాని ముఖం లోపలికి కనపడేలా స్టీరింగు పక్కన కట్టింది. బండిని రోడ్డు మీద బాగా వేడెక్కించి తెచ్చి, ఆపకుండా నిలబెట్టింది. మీటరు సూది కింద గీత దగ్గర వణుకుతూ కూర్చుంది.

"లోపల బేరింగులు అరిగాయి బావా. కొత్తలో వాటి మధ్య సందు వెంట్రుకంత. ఇప్పుడు ఆ సందు పెద్దదైంది. ముప్పై నంబరు ఆయిలు వేడెక్కి నీళ్లలా అయిపోయి సందులోంచి జారిపోతోంది. నిలబడి పని చెయ్యట్లేదు. ఒక మెట్టు చిక్కటిది పొయ్యాలి, నలభై. అంతకు మించొద్దు."

"నా ఇంజను అరిగిందంటావు."

"మీ కళ్లజోడు నంబరు మారినప్పుడు కళ్లు పాడైపోయాయని గోల పెట్టారా? వయసుకు తగ్గ నంబరు. అంతే."

"కంపెనీవాళ్లు ముప్పై అన్నారు."

"కంపెనీవాళ్లు కొత్త బండికి చెప్పారు. నలభై కూడా పొయ్యొచ్చని బండితో ఇచ్చిన పుస్తకంలో వాళ్లే రాశారు, అది మీరు చదవలేదు."

చదవలేదన్న మాట ఆయనకు తూటాలా తగిలింది. ఇంకేమన్నా ఊరుకునేవాడేమో, చదవలేదంటే మాత్రం ఊరుకోడు. "సరేలే, నేను చూసుకుంటాను" అని మీటరు ఊడదీయనివ్వకుండానే బండి తీశాడు.

ఇంటికి వచ్చాక గుమ్మంలో కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. మరదలు చెప్పింది తప్పని ఆయనకు అనిపించలేదు. అదే చిక్కు. అరిగిందన్న మాట నిజమైతే ఒక మెట్టుతో సరిపెట్టడమేమిటి? బయట చలి ముదురుతోంది. చలికాలంలో ముసలివాళ్లకు పల్చటి దుప్పటి కప్పి ఊరుకుంటామా? ఉన్నవాటిలో మందపాటిది తీస్తాం, చాలకపోతే పైన ఇంకొకటి వేస్తాం. ఇంజను ముసలిది, వచ్చేది చలి. కాబట్టి చిక్కటిదే కావాలి, దొరికినంతలో అన్నిటికన్నా చిక్కటిది. ఆ లెక్క ఆయన బుర్రలో ఇమిడినట్టు ఇంకేదీ ఇమడలేదు. బజారుకు పోయి యాభై నంబరు డబ్బా తెచ్చాడు. కొట్టువాడు అడిగీ అడక్కముందే, అరిగిన ఇంజన్లకు బలమని, ఆయిలును ఇంకా చిక్కబరిచే మందు సీసా ఒకటి పక్కన పెట్టాడు. అదీ తెచ్చాడు. డబ్బా మీదా సీసా మీదా రాసిన ప్రతి అక్షరం గట్టిగా చదివి, పాత ఆయిలు దింపేసి, రెండూ కలిపి పోశాడు.

భార్య తలుపు దగ్గర నిలబడి చూసింది. "చెల్లి నలభై అంది కదండీ."

"మీ చెల్లి చిన్నపిల్ల."

"దానికి మనవలు పుట్టారు."

"మెకానిక్కులకు వయసు షెడ్డులోకి రాదు" అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో ఆయనకూ తెలీదు కానీ, భార్య నవ్వుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం ఎండలో బండి తీసి చూస్తే మీటరు సూది నిటారుగా పైకి లేచింది. సిగ్నళ్ల దగ్గర ఆపి చూశాడు, పెట్రోలు బంకులో ఆపి చూశాడు. ఎర్రదీపం జాడ లేదు. పోస్టుమాన్ ఇంటి ముందు ఆపి, ఆయన్ను బయటికి పిలిచి మరీ సూది చూపించాడు. "కొన్ననాడు కూడా ఇంత పొగరు లేదు దీనికి" అన్నాడు. పోస్టుమాన్ తల పంకించాడు. సూది అంటే ఏమిటో ఆయనకు తెలీదు, పెద్దాయన ముఖంలో వెలుగు మాత్రం బాగానే అర్థమైంది.

ఆసుపత్రి రోజు వచ్చింది. తెల్లారేసరికి వీధంతా మంచు పట్టి ఉంది. అక్క శాలువా కప్పుకుని, ఒళ్లో సంచి పెట్టుకుని ముందు సీట్లో సర్దుకుంది. పోస్టుమాన్, దర్జీ ఆవిడ వెనక ఎక్కారు. పెద్దాయన తాళం తిప్పాడు. సెల్ఫు మూలిగింది. మళ్లీ తిప్పాడు. బురదలో కూరుకుపోయిన కాలు బయటికి లాగుతున్నట్టు ఇంజను ఒక్కో చుట్టూ బలవంతంగా తిరిగి, చివరికి అంటుకుంది. అంటుకున్న మరుక్షణం పైభాగంలోంచి టకటకమని చప్పుడు. గిన్నెల అలమారు మెట్ల మీద దొర్లుతున్నట్టు.

సూది చూశాడు. అంతెత్తున, నిటారుగా ఉంది. చెవి మాత్రం వేరే చెబుతోంది. ఇన్నేళ్లూ ఆ చెవిని నమ్మే ఆయన లారీలు నడిపాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం అక్క ముఖం చూశాడు. ఇలాగే పోతే ఆసుపత్రి దాకా పోవచ్చు. దారిలో సర్దుకుంటుందేమో. సర్దుకోకపోతే ఇంజను పట్టేస్తుంది, ఇవాళతో సరి, అక్కకు వచ్చే వారం లేదు, పై వారం లేదు.

తాళం వెనక్కి తిప్పేశాడు. వ్యాను నిశ్శబ్దమైపోయింది.

"ఏమైందిరా?"

"నేను చేసిందే అక్కా. ఆయిలు తప్పు పోశాను."

అక్క శాలువా సర్దుకుని, "అయితే కూర్చుని చూస్తావేం? దాన్ని పిలు" అంది. దాన్ని అంటే ఎవర్నో చెప్పనక్కర్లేదు.

మరదలు తన షెడ్డు బండిలో వచ్చింది. ఆగిపోయిన కార్లను లాక్కొచ్చే బండి అది. ముందు వెనక కూర్చునే చోటు ఉంటుంది. దిగగానే పెద్దాయన మొహం చూసింది. వెంటనే అక్క వైపు తిరిగింది. "వదినా, ముందు మీరు రండి. ఈ సంగతి తర్వాత." ముగ్గుర్నీ జాగ్రత్తగా తన బండిలోకి ఎక్కించుకుంది. దర్జీ ఆవిడ సంచి మర్చిపోతే తనే పరిగెత్తి తెచ్చింది. పోతూ పోతూ కిటికీలోంచి తల బయటపెట్టి, "బావా, నేను వచ్చేదాకా తాళం ముట్టుకోవద్దు. ముట్టుకుంటే మా అక్కతో చెబుతాను" అంది.

ఆయన ముట్టుకోలేదు. వ్యాను మెట్టు మీద కూర్చున్నాడు. భార్య వేడి వేడి టీ తెచ్చిచ్చి, పక్కనే కూర్చుంది. నలభై మాట ఎత్తకపోవడం ఆవిడ చేసిన మేలు.

వాళ్లను ఆసుపత్రిలో దించి మరదలు తిరిగొచ్చేసరికి ఎండ వచ్చింది. నేల మీద పడుకుని ఇంజను అడుగున ఉన్న ఆయిలు తొట్టి బిరడా విప్పింది. ఆయిలు కారాల్సిందిపోయి వేలాడింది. తారు లాంటి లావుపాటి దారం ఒకటి, తెగకుండా, మెల్లగా పళ్లెంలోకి దిగింది. కిందకు వంగి చూసిన పెద్దాయనకు ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. అయినా అడిగాడు.

"మరి సూది అంతెత్తున ఎందుకు లేచింది?"

"గొంతులో ముద్ద అడ్డం పడితే మనిషి ముఖం ఎర్రబడుతుంది బావా. మీరు దాన్ని నిగారింపు అనుకున్నారు." బిరడా గుడ్డతో తుడుస్తూ చెప్పింది. "ఇంత చిక్కటిది పంపు దగ్గర ఇరుక్కుని ఒత్తిడి పెంచుతుంది. పైకి మాత్రం ఎక్కదు. కింద పండగ, పైన కరువు. చలిలో ఇంజను అంటుకున్న మొదటి నిమిషంలోనే అరుగుదలంతా. అప్పుడు చప్పున పైకి పోయే ఆయిలు కావాలి. వేడెక్కాక నిలబడే ఆయిలు కావాలి. డబ్బా మీద రెండు నంబర్లు ఎందుకున్నాయనుకున్నారు? మొదటిది చలికి, రెండోది వేడికి. ముప్పై, నలభై అని మనం అనేది ఆ రెండోదాన్నే."

"చలికి దుప్పటి మందంగా ఉండాలి కదా అనుకున్నాను."

ఆమె చేతిలో గుడ్డ ఆగింది. ఆయన వైపు చూసి, నవ్వాపుకోవడానికి చాలా కష్టపడింది. "దుప్పటా. ఇంజనుకు ఆయిలు దుప్పటి కాదు బావా, నెత్తురు. చలికి మీ నెత్తురు గడ్డకడితే మా అక్క ఏం చెయ్యాలి?"

గుమ్మంలోంచి భార్య అందుకుంది. "ఏం చేస్తాను, మందు సీసా పోస్తాను."

అప్పుడు ముగ్గురూ నవ్వారు. లోపల ఏమైనా దెబ్బతిందా అన్న అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. మరదలికీ తెలుసు. ఇంజను పైమూత మరలు విప్పడం మొదలుపెట్టింది. మూత తీసి పక్కన పెట్టి, టార్చి పళ్ల మధ్య పట్టుకుని లోపలికి వంగింది. ఒక్కో భాగం మీద వేలు ఆనించి జరిపింది. ఆ లోపల గీతలు పడి ఉంటే వ్యాను అయిపోయినట్టే.

టార్చి నోట్లోంచి తీసి ఆమె అంది, "ఎండిపోయి ఉన్నాయి. గీత మాత్రం లేదు. మీరు చూడండి."

చూశాడు. ఇనుము నున్నగా మెరుస్తోంది.

"ఎంతసేపు తిప్పారు?"

"చప్పుడు వినగానే ఆపేశాను."

"మీ అక్కయ్య ఎక్కి కూర్చుని ఉండగా?"

"ఉండగానే."

ఆమె టార్చి ఆర్పి జేబులో పెట్టుకుంది. తర్వాత ఎప్పుడూ అనని విధంగా, వెటకారం లేకుండా అంది. "నాన్న ఉంటే మీ వీపు తట్టేవాడు బావా. సూది నిటారుగా ఉంటే వంద మంది నడుపుకుంటూ పోతారు."

పెద్దాయన జీవితంలో మెచ్చుకోళ్లు చాలానే ఉన్నాయి. వంతెన దాటించినప్పుడు డాక్టరమ్మ దండం పెట్టింది. లారీ ఆపినప్పుడు వ్యాపారులు శాలువా కప్పారు. ఈ మాట ముందు అవన్నీ ఎందుకో చిన్నవైపోయాయి. వంగి పళ్లెం పక్కకు జరిపాడు.

లోపల మిగిలిన జిగటంతా పోవడానికి ఆమె కొంచెం పల్చటి ఆయిలు పోసి తిప్పి దింపింది, ఫిల్టరు మార్చింది. తర్వాత నలభై నంబరు డబ్బా తెచ్చి ఆయన చేతికిచ్చింది. "మీరే పొయ్యండి. ముందు చదవండి."

ఆయన చదివాడు. బడిలో చదివినట్టు గట్టిగా, మొదటి నుంచి చివరిదాకా. ఆమె చేతులు కట్టుకుని ఓపిగ్గా విన్నది.

బండి అంటుకుంది. మొదట చిన్నగా టకటక, అంతలోనే మాయమై, ఇంజను నెమ్మదిగా తన పాత గొంతులోకి వచ్చింది. ఇద్దరూ కలిసి వేడెక్కేదాకా తిప్పుకొచ్చి, ఆపకుండా నిలబెట్టి చూశారు. ఎర్రదీపం వెలగలేదు. సూది మధ్యకు కొంచెం కింద ఆగింది.

"ఇంతేనా?" అన్నాడు పెద్దాయన.

"ఈ వయసుకు ఇది దివ్యమైన ఆరోగ్యం. అంతకన్నా ఎక్కువ కోరితే మళ్లీ ముద్ద అడ్డం పడుతుంది."

"ఎన్నాళ్లు లాగుతుంది?"

"అబద్ధం చెప్పను బావా, నాకు తెలీదు. ఆయిలు మార్చిన ప్రతిసారీ మీటరు పెట్టి చూద్దాం. నలభై కూడా చాలని రోజు వస్తే అప్పుడు బేరింగులు మారుద్దాం. అంతేగానీ యాభై, ఆ పైన సీసా, ఆ పైన ఇంకో సీసా వద్దు. పొద్దున అంటుకోగానే ఎగదోయకండి. కాసేపు మెల్లగా పోనివ్వండి."

"నువ్వు చెప్పినట్టే."

ఆ రెండు మాటలు ఆయన నోటి నుంచి వచ్చాయంటే షెడ్డులో ఎవరూ నమ్మరని మరదలికి తెలుసు. అందుకే, "మళ్లీ అనండి, మా అక్క వినలేదు" అంది. ఆయన మళ్లీ అన్నాడు.

సాయంత్రం అక్కను తీసుకురావడానికి వ్యానులో తనే బయలుదేరాడు. మరదలు తన బండిలో వెనకే వచ్చింది, పొగ ఎలా వస్తుందో చూడాలని సాకు చెప్పి. ఆసుపత్రి గుమ్మం ముందు నర్సు చెయ్యి పట్టుకుని అక్క మెల్లగా మెట్లు దిగింది. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. ముందు సీటు వెనక్కి వాల్చి కూర్చోబెట్టి, శాలువా సరిచేశాడు. పోస్టుమాన్, దర్జీ ఆవిడ వెనక సర్దుకున్నారు.

"బాగయిందా?" అని అక్క అడిగింది.

"బాగయింది. దీనికి వయసు వచ్చిందక్కా. నలభై నంబరు పోశాం."

"దానికి ఒక్కదానికేనా?"

"మనకూ వచ్చింది."

"ఆ మాట ఒప్పుకోవడానికి ఇంత గొడవ చేశావా" అని అక్క కళ్లు మూసుకుంది. పెదవుల మీద చిన్న నవ్వు అలాగే ఉండిపోయింది.

సిగ్నలు దగ్గర ఆగారు. ఇంజను వేడిగా ఉంది, దీపం ఆరిపోయి ఉంది, అక్క చెయ్యి ఆయన మోచేతి మీద ఆని ఉంది. అద్దంలో చూస్తే మరదలి బండి వెనకే ఉంది. ముందుకు పొమ్మని కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఆమె లైటు ఒకసారి ఆర్పి వెలిగించింది, పోనంది. రోడ్డు మీద తన వెనక ఎవరైనా కాపలాగా వస్తే పెద్దాయనకు చిన్నతనంగా ఉండేది. ఆ సాయంత్రం మాత్రం బండి వేగం ఇంకొంచెం తగ్గించి, ఆమె వెనకపడకుండా, ఇంటిదాకా అలాగే నడిపాడు.